శ్రుతి ఒకటే, స్వరాలు వేరు

క్వయర్‌లో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ గొంతులు వేర్వేరు స్వరాలు పాడతాయి. శ్రుతి ఒకటే గనుక పాట వినసొంపుగా ఉంటుంది. పక్కవారిని వినని గాయకుడు శ్రుతి తప్పుతాడు.

సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలైన సంప్రదింపుల్లో దోర్నకల్ బిషప్ అజరయ్య ముందున్నారు. ఓపికగా ఒకరినొకరు విన్నారు. 28 ఏళ్లకు, 1947 సెప్టెంబరు 27న, ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ విశ్వాసులు సి.ఎస్.ఐ.గా ఏకమయ్యారు.

బాప్టిస్టు బోధకుడైన పురుషోత్తమ చౌదరి కీర్తనలను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో సంఘభేదం లేకుండా పాడుకుంటాం. పాటలో కలిసిన మనం, వేరే సంఘపు సహోదరుని సమాధికి చోటివ్వాల్సి వస్తే ఎందుకు వెనకాడాలి? క్రీస్తే మన శ్రుతి. ఆయనలో ఒకరినొకరం విందాం.