నడవనన్న కాలు

రాత్రి పడుకునేదాకా ఇల్లంతా పరుగెత్తిన మూడేళ్ళ పిల్లవాడు తెల్లవారేసరికి మంచం దిగనంటాడు. ఎత్తి నిలబెడితే కుడికాలు నేలకు ఆనించడు. లాగు మార్చబోతే గుక్కపట్టి ఏడుస్తాడు. ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. ఇలాటిది ఏ ఇంట్లో జరిగినా మొదటి గంటలో వినిపించే మాటలు ఇంచుమించు ఒకటే.

“నిన్న అరుగు మీంచి దూకి ఉంటాడు. కాలు బెణికింది. ఆముదం వెచ్చచేసి మర్దన చేస్తే సాయంత్రానికి లేచి ఆడుకుంటాడు,” అంటుంది నాయనమ్మ.

“నాయనమ్మా, వాడు దూకలేదు. సాయంత్రమంతా నాతోనే ఉన్నాడు,” అంటుంది అయిదో తరగతి చదివే అక్క.

“బెణికితే జ్వరం ఎందుకు వస్తుందండీ?” అని తల్లి తండ్రిని అడుగుతుంది.

అసలు సంగతి అదే. దానికి జవాబు తెలియాలంటే కీలు లోపల ఏమున్నదో చూడాలి.

తలుపు కీలు కిర్రుమంటే మనం నూనె వేస్తాము. శరీరంలోని కీళ్ళు తమ నూనెను తామే తయారు చేసుకుంటాయి. రెండు ఎముకలు కలిసేచోట వాటి కొనలకు తెల్లని నున్నని పూత ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. కీలు చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఆ సంచి లోపలి పొర నుంచి కోడిగుడ్డు తెల్లసొన వంటి ద్రవం కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. అందుకే మనం వేలసార్లు కూర్చుని లేచినా ఎముకలు ఒరుసుకోవు.

మోకాలు గీచుకున్నప్పుడో, పొక్కు చితికినప్పుడో, గొంతు నొప్పి వచ్చినప్పుడో సూక్ష్మజీవులు రక్తంలో చేరుతాయి. రక్తంలోని తెల్లకణాలు వాటిని చంపేస్తాయి. ఎప్పుడో ఒకసారి కొన్ని తప్పించుకుని, రక్తం ఎక్కువగా పారే ఆ సంచి పొరలో దిగబడతాయి. పిల్లల కీళ్ళను పట్టే వాటిలో పేరుమోసినది స్టాఫిలోకాకస్. దాన్ని స్కాట్లండులోని ఆబర్డీన్ నగరంలో శస్త్రవైద్యుడుగా ఉన్న అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880 ప్రాంతంలో కురుపుల చీములో కనిపెట్టాడు. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలాగా కనిపించింది కనుక 1882లో గ్రీకుభాషలో ద్రాక్షగుత్తి అనే అర్థం వచ్చేలాగా దానికి పేరు పెట్టాడు. వాటిని పెంచటానికి ఆయన వాడిన పాత్రలేమిటో తెలుసునా? కోడిగుడ్లు!

నాలుగేళ్ళలోపు పిల్లల్లో కింజెల్లా అనే మరొక జీవి కూడా ఈ పని చేస్తుంది. ఇది ఆరోగ్యంగా ఉన్న పిల్లల గొంతులోనే కాపురం ఉంటుంది. మామూలు పళ్ళెాలలో పెంచబోతే పెరగదు. అందువల్ల చాలాకాలం వైద్యులకు చిక్కలేదు. కీలు ద్రవాన్ని రక్తపరీక్షకు వాడే సీసాలలో పోస్తే అది పెరుగుతుందని 1992లో ఇజ్రాయెల్ వైద్యులు ప్రకటించారు.

సూక్ష్మజీవులు కీలులో చేరగానే తెల్లకణాలు దండెత్తి వస్తాయి. ఆ పోరాటంలో మిగిలేదే చీము. సూక్ష్మజీవులు విడిచే రసాలూ, తెల్లకణాలు విడిచే రసాలూ కలిసి మృదులాస్థిని కరిగించటం మొదలుపెడతాయి. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. పోయిన పూత సరిగా తిరిగి రాదు. తుంటి కీలు సంగతి ఇంకా కష్టం. తొడ ఎముక తలకు రక్తం తీసుకుపోయే సన్నని నాళాలు ఆ సంచిలోనుంచే పోతాయి. సంచి చీముతో బిగిసిపోతే నాళాలు నొక్కుకుపోతాయి, ఎముక తలకు రక్తం అందదు. ఇదంతా నెలల మీద జరిగేది కాదు, రోజుల మీద జరిగిపోతుంది. “రేపు చూద్దాం” అన్న మాట ఇక్కడ చాలా ఖరీదైనది.

పిల్లవాడు మొండికెయ్యటం లేదు. నొప్పి తక్కువగా ఉండే పద్ధతిలో కాలును ముడిచి, పక్కకు వాల్చి, కదలకుండా దాచుకుంటున్నాడు. తుంటిలో చీము చేరిన పిల్లలు కొందరు మోకాలు చూపించి అక్కడ నొప్పి అంటారు. నెలల పసివాడైతే అదీ చెప్పలేడు. ఒక కాలు ఆడిస్తూ రెండోది ఆడించకపోవటమే వాడి భాష. కొందరిలో జ్వరం కూడా అంతగా ఉండదు. ఇటువంటి కీలును మర్దించటం, బిగించి కట్టు కట్టటం మంచిది కాదు. కట్టు కింద చీము తన పని తాను చేసుకుపోతుంది.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగేది, “ఎప్పటినుంచి?” అని. అక్క చెప్పిన మాట ఇక్కడ పనికివస్తుంది. నిన్న ఎనిమిది గంటలదాకా బాగానే ఉన్నాడు, పడలేదు, పోయిన వారం చేతిమీద పొక్కు ఉన్నది. ఇంట్లో చిన్నపిల్లలను ఎక్కువగా కనిపెట్టి ఉండేది తోడబుట్టినవాళ్ళే. పెద్దవాళ్ళు వాళ్ళను అడగటం మరిచిపోతారు.

జలుబు చేసిన తరువాత తుంటి కాస్త వాచి, దానంతట అదే తగ్గిపోయే చిన్న జబ్బు ఒకటి ఉన్నది. దాన్నీ దీన్నీ విడదీయటం డాక్టర్లకు కూడా సులువు కాదు. 1999లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు ఇందుకు నాలుగు గుర్తులు చెప్పారు: జ్వరం, కాలు మోపలేకపోవటం, రక్తంలో తెల్లకణాలు 12,000 మించటం, ఇ.ఎస్.ఆర్. అనే రక్తపరీక్షలో అంకె 40కి చేరటం. నాలుగూ ఉంటే తుంటిలో చీము ఉన్నదని దాదాపు నిశ్చయమే. అల్ట్రాసౌండు యంత్రంతో చూస్తే కీలులో ద్రవం నిండినదీ లేనిదీ కనిపిస్తుంది. ఆ తరువాత పిల్లవాడికి మత్తు ఇచ్చి, సూదితో ఆ ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. చీము ఉంటే కీలు తెరిచి, ఉప్పునీటితో కడిగి, చీము కారిపోవటానికి సన్నని గొట్టం పెడతారు.

ఒక చిన్న సంగతి. మత్తు ఇచ్చేముందు కడుపు ఖాళీగా ఉండాలి. “పొద్దుటినుంచీ ఏమీ తినలేదు వెధవ,” అని ముద్దుకొద్దీ ఎవరో ఒక బిస్కట్టు పెడితే ఆపరేషను కొన్ని గంటలు ఆగిపోవచ్చు.

అన్నిటికన్నా కష్టం తల్లిదండ్రులది. మూసిన తలుపు ముందు కూర్చోవాలి. “ముందే తీసుకురావలసింది,” అని ఒకరు, “నాకేం తెలుసు?” అని ఒకరు, ఒకరినొకరు నొప్పించుకుంటారు. నిజానికి మూడేళ్ళవాడు కుంటితే మొదటి రోజునే చీము చేరిందని పోల్చుకోగల ఇల్లు ఎక్కడ ఉంటుంది? ఆ కాలక్షేపానికి బదులు ఒక కాగితం మీద జ్వరం అంకె, మందు ఇచ్చిన వేళ, డాక్టరు చెప్పినది రాసుకునేవాళ్ళకు మనసు కుదుటపడుతుంది, డాక్టరుకూ పనికివస్తుంది.

పిల్లవాడితో నిజం చెప్పటమే మేలు. “ఏమీ నొప్పి ఉండదు,” అని చెప్పి సూది గుచ్చనిస్తే మర్నాటినుంచి వాడు అమ్మను కూడా నమ్మడు. “సూది గుచ్చుతారు. కాస్త నొప్పి పెడుతుంది. నేను చెయ్యి పట్టుకునే ఉంటాను. ఏడవాలంటే ఏడు, చెయ్యి మాత్రం కదపకు,” అంటే వాడికి చేయటానికి ఒక పని దొరుకుతుంది. ఇంటిదగ్గర ఉన్న అక్కకు కూడా నిజం చెప్పాలి. చెప్పకపోతే, తన వల్లనే తమ్ముడికి ఇలా అయిందేమోనని ఒంటరిగా కుమిలిపోతుంది. ఇది అంటుకుంటుందేమో, వాడు చచ్చిపోతాడేమో అని కూడా అనుకుంటుంది. ఫోనులో రోజూ రెండు నిమిషాలు తమ్ముడి గొంతు వినిపిస్తే ఇద్దరికీ మంచిది.

ఈ జబ్బు ఒకప్పుడు ఎంత భయంకరమైనదో 1874లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రి వైద్యుడు థామస్ స్మిత్ రాశాడు. ఆయన చూసిన పసివాళ్ళలో ఎందరో చనిపోయారు. చీము తీయటం అప్పటికే తెలుసు, సూక్ష్మజీవులను చంపే మందే లేదు. 1941లో ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ బృందం పెనిసిలిన్‌ను మొదటిసారి రోగులకిచ్చి చూసినప్పుడు, ఆపరేషను తరువాత తుంటిలో చీము పట్టిన 15 ఏళ్ళ కుర్రవాడు వారిలో ఒకడు. అప్పటికి లోకంలో ఉన్న పెనిసిలిన్ గుప్పెడు కూడా లేదు. రోగుల మూత్రంలో బయటికి పోయే మందును సైతం మళ్ళీ వడగట్టేవారు. మూత్రాన్ని సైకిళ్ళ మీద ప్రయోగశాలకు చేరవేసేవారు! ఆ కుర్రవాడు బతికాడు.

ఇవాళ మందుకు కొరత లేదు. మొదటి కొన్ని రోజులు రక్తనాళంలోకి ఇస్తారు, జ్వరం తగ్గి పిల్లవాడు తేరుకున్నాక నోటిద్వారా ఇస్తారు. ఎన్నాళ్ళు ఇవ్వాలనేది చాలాకాలం తగాదాగానే ఉండేది. ఫిన్లండులో 130 మంది పిల్లల మీద పరీక్షించి, చక్కగా కోలుకుంటున్నవారికి 10 రోజుల మందు కూడా 30 రోజుల మందులాగే పనిచేసిందని 2009లో ప్రకటించారు. అయితే ఏ పిల్లవాడికి ఎన్నాళ్ళన్నది డాక్టరు రక్తపరీక్షలు చూసి చెప్పవలసినదే. మూడో రోజున పిల్లవాడు నవ్వుతున్నాడని ఇంట్లోవాళ్ళు మందు మానెయ్యకూడదు. లోపల మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి.

ఇంటికి వచ్చిన పిల్లవాడు వెంటనే నడవడు. మొదట పాకుతాడు. గోడ పట్టుకుని నిలబడతాడు. అక్క రెండడుగుల దూరాన బంతి పట్టుకుని కూర్చుంటే ఒక అడుగు వేస్తాడు, రెండోది వెయ్యబోయి కూలబడతాడు. “నడు, నడు,” అని తొందరపెడితే ఏడుస్తాడు. కాలు నొప్పి మానినా, నొప్పి పెడుతుందన్న భయం ఇంకా ఉంటుంది. తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి కూర్చోపెడితే, పుండు మానిన తరువాత, వాడే కాళ్ళు కొట్టి నీళ్ళు చల్లుతాడు. వ్యాయామం అని చెప్పకుండా చేయించే వ్యాయామం అది.

తుంటికి వచ్చినవాళ్ళను డాక్టర్లు అంతటితో వదలరు. పిల్లల ఎముక కొన దగ్గర ఎదుగుదల జరిగే పలక ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే కాలు పొట్టిదయేది ఏడాదో రెండేళ్ళో గడిచాక గాని బయటపడదు. అందుకని పిల్లవాడు వీధిలో గెంతుతున్నా సరే, ఇచ్చిన తేదీకి తీసుకుపోవాలి. బల్లమీద పడుకోబెట్టి, రెండు మడమలూ ఒకచోట చేర్చి, టేపుతో కొలుస్తారు. ఎక్స్‌రేలో ఎముక తల గుండ్రంగా ఉన్నదీ లేనిదీ చూస్తారు. ఆ తరువాత డాక్టరు గదికి ఆ కొసనుంచి ఈ కొసకు వాణ్ణి పరుగెత్తమంటాడు.