పంజరపు కోడిని ఇంటికి తెచ్చుటకు ముందు

ఇనుప పంజరములలో గ్రుడ్లు పెట్టి పెట్టి అలసిన కోళ్లను విడిపించి ఇంటి పెరటిలో పెంచుకొనవలెనను కోరిక నేడు మన పట్టణములలోను కొందరికి కలుగుచున్నది. ఈ అలవాటు ఎక్కువగా వ్యాపించినది ఇంగ్లండులో. 2005లో డెవన్ ప్రాంతమున జేన్ హోవర్త్ అను మహిళ స్థాపించిన సంస్థ, ఫారములు వదలుకొను కోళ్లను సేకరించి, అడిగిన గృహస్థులకు అప్పగించుచు, ఇప్పటికి పది లక్షలకు మించిన కోళ్లకు ఇండ్లు చూపినది. మన దేశమున అంతటి ఏర్పాటు లేదు. లారీ బోల్తాపడినప్పుడో, ఫారము మూతపడినప్పుడో జంతుప్రేమికులు కొన్నింటిని తెచ్చి, పెంచువారి కొరకు వెదకుదురు. కొందరు మాంసపు దుకాణము ముందు కట్టివేసిన కోడిని చూచి, జాలిపడి కొని తెత్తురు.

ఈ జాలి మెచ్చదగినదే. అయితే జాలి కలిగిన నాటికిని కోడి ఇల్లు చేరు నాటికిని నడుమ కొన్ని దినములు గడచుట మంచిది. ఆ దినములలో ‘మనము దీనిని పెంచగలమా?’ అను సందేహము పుట్టినచో దానిని పిరికితనమని త్రోసివేయరాదు. ఇంట పసిపాప ఉన్నదా, వృద్ధులున్నారా, పెరడెంత, నీడ ఎక్కడ, వేసవిలో నీరు పెట్టువారెవరు అని అడుగునది ఆ సందేహమే.

మొదట ఈ కోడి ఎట్టిదో తెలిసికొనవలెను. మన కోళ్లకు మూలమైన అడవికోడి ఏటికి పది పదునైదు గ్రుడ్లు మాత్రమే పెట్టును. పల్లెలలోని నాటుకోడి ఏటికి 50 నుండి 80 వరకు పెట్టును. ఫారములలోని లేయరు కోడి సుమారు 18, 20 వారముల ప్రాయమున గ్రుడ్లకు వచ్చి, ఏడాదిలో 300 లేక అంతకు మించి పెట్టును. ఒక్కొక్క గ్రుడ్డు పెంకునకు దాదాపు 2 గ్రాముల కాల్షియము కావలెను. దాణాలోనిది చాలనప్పుడు కోడి తన ఎముకలలోని కాల్షియమును తీసి పెంకునకు ఇచ్చును. అందుచేత ఎముకలు గుల్లబారును. రొమ్ము ఎముక విరిగి, వంకరగా అతుకుకొని ఉండుట ఈ కోళ్లలో తరచుగా కనబడును. పంజరములో తిరుగుటకు తావు లేమి ఆ బలహీనతను మరింత పెంచును. ఒక్కొక్క కోడికి దక్కు స్థలము సాధారణముగా ఒక వ్రాతకాగితమంత కూడ ఉండదు. ఐరోపా సమాఖ్యలో ఇట్టి ఇరుకు పంజరములు 2012 జనవరి 1 నుండి నిషేధింపబడినవి.

సుమారు ఏడాదిన్నర ప్రాయము వచ్చుసరికి గ్రుడ్లు తగ్గును. అంతట ఫారమువారు ఆ కోళ్లను మాంసమునకు అమ్మివేయుదురు. పెరటికి వచ్చు కోడి అట్టి కోడి. దాని ముక్కుకొన కత్తిరింపబడి ఉండును. మెడ మీద, తోక వద్ద ఈకలు ఊడి చర్మము కనబడును. ఎండ, మన్ను, గడ్డి దానికి క్రొత్తవి. దానిని కాళ్లు పట్టి తలక్రిందుగా మోయు మన అలవాటు ఇచ్చట పనికిరాదు, ఎముక విరుగును. రెండు చేతులతో రెక్కలతో కూడ అదిమిపట్టి, రొమ్ము క్రింద ఆనిక ఇచ్చి ఎత్తవలెను.

కోడి సహజముగా ఆరు మొదలు ఎనిమిదేండ్లు బ్రతుకగలదు. లేయరు జాతి అంతకాలము బ్రతుకుట అరుదు గాని, రెండు మూడేండ్లు బ్రతుకునవి లేకపోలేదు. ఆ కాలములో గ్రుడ్లు నానాటికి తగ్గి ఒకనాటికి నిలిచిపోవును. కొన్నింటికి పచ్చసొన కడుపులో పడి కుళ్లును. కొన్నింటికి గర్భకోశమున గడ్డలు పుట్టును. పొట్ట ఉబ్బి, కోడి నిట్టనిలువుగా నిలుచుండి నడవలేక నడచును. ఇందులో పెక్కింటికి చికిత్స ఫలించదు. పశువైద్యుని సలహాపై దాని బాధను ముగించుట ఒక్కటే మార్గమైన దినము రావచ్చును. గ్రుడ్ల ఆశతో తెచ్చిన ఇంటిలో ఇరుగుపొరుగువారు ‘ఇంకను దీనికి దాణా దండుగ, కూర వండుకొనరాదా’ అందురు. ఆ మాటకు ఇంటివారందరు ఏమి సమాధానము చెప్పుదురో కోడిని తేకముందే తేల్చుకొనుట మేలు. మందులు వాడిన కోడి మాంసమును, ఆ మందు గడువు తీరక పెట్టిన గ్రుడ్లను తినరాదు. ఫారములో ఏ మందులు ఇచ్చిరో తెలియని కోడి పెట్టిన తొలి దినముల గ్రుడ్లను కూడ వంటకు వాడకుండుట క్షేమము.

ఇక ఇంటి ఆరోగ్యము. చూచుటకు నిక్షేపముగా ఉన్న కోడి రెట్టలోను, ఈకల మీదను సాల్మొనెల్లా అను క్రిమి ఉండవచ్చును. అది మనుష్యుని కడుపులో చేరినచో జ్వరము, విరేచనములు, కడుపునొప్పి కలుగును. పెద్దవారికి కొన్ని దినములలో తగ్గిపోవునది, ఐదేండ్లలోపు బిడ్డలకు, గర్భిణీలకు, వృద్ధులకు, దీర్ఘరోగులకు ప్రాణము మీదికి రావచ్చును. పిల్లలు కోడిని ఒడిలో పెట్టుకొని ముద్దాడుట చూడ ముచ్చటయే, కాని వైద్యులు దీనిని ఒప్పుకొనరు. కోడిని గాని, గ్రుడ్డును గాని, గూటిని గాని తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. కోళ్లు వంటయింటిలోనికి, మంచినీటి బిందెల చెంతకు రారాదు. గూటికి వెళ్లు చెప్పులు గూటి వద్దనే ఉండవలెను. ఈ క్రిమి కొన్ని సమయములలో గ్రుడ్డు లోపలనే ఉండును. కాబట్టి గ్రుడ్డును సొన గట్టిపడువరకు ఉడికించియే తినవలెను. పచ్చిగ్రుడ్డు బలమను నమ్మకము మన ఇండ్లలో నేటికిని పోలేదు. ఉబ్బసము ఉన్నవారికి ఎండిన రెట్ట దుమ్ము గిట్టదు; ఊడ్చుటకు ముందు నీరు చల్లవలెను.

పట్టణవాసులు సాధారణముగా తలపోయని సంగతి మరియొకటి కలదు. కోడి మట్టిని కెలకి తినును. పాత ఇండ్ల గోడల నుండి రాలిన రంగు పెచ్చులలోను, పాత బ్యాటరీలు కరగించు చోటుల సమీపపు మట్టిలోను సీసము ఉండును. ఆ సీసము కోడి శరీరములో చేరి గ్రుడ్డులోనికి వచ్చును. బిడ్డ మెదడునకు సీసము ఎంత కొంచెమైనను చేటు. ఇంటిగ్రుడ్డు గదా, కల్తీ లేదని తల్లి నమ్మి రోజునకొక గ్రుడ్డు పెట్టుచుండగా, అందులో ఈ విషము ఉండుట ఎంత విపరీతము! అట్టి చోటులలో మట్టి తీయించి శుభ్రమైన మన్ను పోయించవలెను, లేదా కోళ్ల ఊసే మానుకొనవలెను.

పక్షి ఇన్‌ఫ్లుయెంజా, అనగా బర్డ్ ఫ్లూ, మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన దేశమున ఇది తొలిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్ ఫారములలో బయటపడినది. 2025 ఫిబ్రవరిలో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని కోళ్లఫారములలో కనబడినది. మరుసటి నెలలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేండ్ల బాలిక హెచ్5ఎన్1 సోకి మరణించినది. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నట్లు విచారణలో తెలిసినది. మనుష్యులకు ఈ వ్యాధి సోకుట మిక్కిలి అరుదు, బాగుగా ఉడికిన మాంసము వలన రాదు. అయినను కోళ్ల నడుమ తిరుగు ఇంటివారు ఈ మాట మరువరాదు.

రోగము బయటపడిన స్థలము నుండి ఒక కిలోమీటరు మేర ప్రభుత్వమువారు కోళ్లన్నింటిని చంపించి పూడ్పింతురు. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచుదురు. ఫారము కోడి, పెరటి కోడి అను భేదము ఇందులో లేదు. పేరు పెట్టి, చేతితో మేపి, మూడేండ్లుగా పెంచిన కోడికి కూడ మినహాయింపు ఉండదు. నష్టపరిహారము ఇత్తురు గాని, బిడ్డల కన్నీటికి అది పరిహారము కాజాలదు. ఈ సంభవమును ముందుగా తలచుకొని, తట్టుకొనగలమనువారే కోడిని తేవలెను. బ్రిటనులో ఒక్క కోడిని పెంచువారు సహితము ప్రభుత్వమువద్ద పేరు నమోదు చేసికొనవలెనని 2024లో నిర్బంధము విధించిరి. దాని ఉద్దేశము పెంపకమును నిరుత్సాహపరచుట కాదు. రోగము వచ్చినప్పుడు ఏ ఇంట కోళ్లున్నవో అధికారులకు తెలియుటకే.

ఊరిలో ఇదివరకే నాటుకోళ్లున్నచో మరియొక చిక్కు గలదు. ఫారము కోళ్లకు కొక్కెర తెగులునకు, మరికొన్ని తెగుళ్లకు టీకాలు వేయుదురు. టీకా పొందిన కోడి తాను రోగము పడకయే క్రిములను మోయవచ్చును. టీకా ఎరుగని నాటుకోడికి అది అంటినచో వీధి కోళ్లన్నియు తుడిచిపెట్టుకొని పోవును. ఆ కోళ్లు తరచుగా ఏ పేదరాలికో చేబదులు సొమ్మువంటివి. ఒకరి దయ మరియొకరి నష్టము కాకుండవలెనన్నచో, వచ్చిన కోళ్లను మూడు నాలుగు వారములు వేరుగా ఉంచి, పశువైద్యునికి చూపి, ఊరి కోళ్లకు టీకాలు వేయించిన తరువాతనే బయటికి వదలవలెను.

ఖర్చు లెక్క కష్టమైనది కాదు. కోడి ఒంటరిగా ఉండజాలదు. కనీసము మూడైనను ఉండవలెను. ఒక్కొక్కదానికి రోజునకు సుమారు 110 గ్రాముల దాణా. మూడింటికి నెలకు పది కిలోలు. ఆలుచిప్పల ముక్కలు వేరు. నీరు మామూలు దినములలో ఒక్కొక్కదానికి పావు లీటరు. ఎండలలో రెండింతలకు మించును. కోడికి చెమట పట్టదు, నోరు తెరచి వగర్చుటయే దానికి చల్లదనము. రెంటచింతల, రామగుండము ఎండలలో రేకుల షెడ్డు క్రింద ఉంచిన లేయరు కోడి మధ్యాహ్నమునకే ప్రాణము విడువగలదు. ముంగిస, పిల్లి, కుక్క, పాము వచ్చును గనుక గూటికి గట్టి వల, గడియ, గట్టి నేల కావలెను. రెట్ట తీయు పని ప్రతిదినము ఉండును. కోడి కావలెనని మారాము చేయు పిల్లవాడొకడు, సరేయను తండ్రి ఒకడు, చీపురు పట్టునది మాత్రము తల్లి. ఆమెను అడిగి, ఆమె మనఃపూర్వకముగా ఒప్పుకొన్న పిదపనే ముందునకు పోవుట న్యాయము.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ కృషితో రూపుదాల్చిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము, జంతువును తన అధీనమున ఉంచుకొన్నవాడు దాని క్షేమమునకు తగిన చర్యలన్నియు తీసికొనవలెను. ఆకలిదప్పులకు గురియగునట్లు దానిని విడిచిపెట్టుట నేరము. విసుగు పుట్టి గుడి వద్దనో, చెరువుగట్టుననో కోడిని వదలివచ్చుట దయ క్రిందికి రాదు.

దుకాణములో డబ్బిచ్చి కోడిని ‘విడిపించుట’ గూర్చి ఒక మాట. దుకాణదారునికి అది మామూలు బేరమే. మరునాడు ఆ తావున మరియొక కోడి వచ్చును. కోడి సంఖ్యలో తేడా ఉండదు. ఇంట వీలులేనివారు ఆ సొమ్మును, తగిన స్థలమును అనుభవమును గల సంరక్షకులకు దాణా కొరకు ఇచ్చినచో మరింత ప్రయోజనము. పంజరములు లేని పెంపకపు గ్రుడ్లు దొరకుచోట వానినే కొనుట కూడ ఒక సహాయము.

ఇంత ఆలోచించియు తెచ్చుటకే నిశ్చయించినవారు మొదటి వారము ఓపిక పట్టవలెను. పంజరమున పెరిగిన కోడికి చీకటిపడినప్పుడు గూటికి చేరవలెనని తెలియదు. ఉన్నచోటనే నేలమీద ముడుచుకొని కూర్చుండును. ప్రతి సాయంకాలము ఒకరు వెళ్లి, దానిని రెండు చేతులతో ఎత్తి, లోపల తక్కువ ఎత్తుగల దండెము ప్రక్కన, మెత్తని ఊక మీద దింపి, గడియ వేసి రావలెను. కొన్ని దినములకు అదియే నేర్చుకొనును. దాణా ముట్టక రెండు పూటలు మందకొడిగా ఉన్నను, జుట్టు నీలి రంగునకు తిరిగినను, తల వాచినను, ఒకటి రెండు కోళ్లు హఠాత్తుగా చచ్చినను వట్టి చేతులతో తాకక, ఇతరులకు పంచక, ఆ దినముననే సమీప పశువైద్యశాలకు తెలుపవలెను. ఇంటిలో ఎవరికైనను అప్పటికే జ్వరము, దగ్గు ఉన్నచో వైద్యునితో కోళ్ల సంగతి ముందుగా చెప్పవలెను.