రెండు పొట్టల పడవ

తెప్పకు చిల్లు పడుతుందన్న భయం లేదు. దుంగకూ దుంగకూ మధ్య ఉన్నవన్నీ చిల్లులే. అల వచ్చి మీద పడితే ఆ నీళ్లు సందుల్లోంచి కిందికి జారిపోతాయి. తోడిపోసే పనే ఉండదు. తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ పాఠం జరుగుతుంటే పల్లెపాలెం కుర్రాడొకడు "మరి మునగదేం సార్?" అని అడిగాడు. అది తేలిక ప్రశ్నే. తెప్పను తేల్చేది కలప, మధ్యలో ఉన్న ఖాళీ కాదు. ఆ వెంటనే వెనక బెంచీ నుంచి వచ్చిన రెండో ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు: "మునగదు సరే, బోల్తా ఎందుకు పడదు?"

మా కొత్తపట్నం తీరంలో ఇది పుస్తకాల ప్రశ్న కాదు. ఇక్కడ వేటకు పోయే పడవ ఇసుక మీద నుంచి నేరుగా అలల్లోకి దిగాలి, తిరిగి వచ్చేటప్పుడు ఆ అలల్లోంచే ఒడ్డెక్కాలి. అలకు అడ్డం తిరిగిన ఇరుకు పడవ గతేమిటో పిల్లలకు మనం చెప్పనక్కర్లేదు.

పడవ బరువు ఒక బిందువు గుండా కిందికి లాగుతుంది. నీళ్లు పైకి తోసే బలం, మునిగిన భాగం మధ్యలోంచి పనిచేస్తుంది. పడవ పక్కకు వాలగానే వాలిన వైపు ఎక్కువ మునుగుతుంది కాబట్టి ఆ తోపు కూడా అటే జరుగుతుంది. కిందికి లాగే గీతకూ పైకి తోసే గీతకూ మధ్య ఏర్పడిన ఎడమే పడవను మళ్లీ నిలబెట్టే మీట. గుండ్రటి ఒంటి దుంగలో తోపు ఎటూ జరగదు, అందుకే దాని మీద కూర్చుంటే గిర్రున తిరుగుతుంది. నాలుగు దుంగలు పక్కపక్కన కడితే తోపు జరగడానికి చోటు దొరుకుతుంది.

ఆ చోటు విలువ వెడల్పుతో పాటు మామూలుగా పెరగదు, వెడల్పు ఘనంతో పెరుగుతుంది. పొడవు మార్చకుండా వెడల్పు రెట్టింపు చేస్తే వాలకుండా నిలబెట్టే గుణం ఎనిమిది రెట్లవుతుంది. ఇందులో నాకు బాగా ఇష్టమైన తిరకాసు ఒకటుంది. ఆ వెడల్పులో మధ్య మూడో వంతును కోసి పారేశామనుకోండి, నిలకడలో పోయేది 27వ వంతు మాత్రమే. మధ్య సగం తీసేసినా పోయేది ఎనిమిదో వంతే. నిలబెట్టే పనంతా అంచులదే, నడుమ ఉన్నది ఊరికే నీళ్లు నెట్టుకుంటూ పోతుంది. ఆ నడుమ తీసేసి, అంచుల్లో రెండు సన్నటి పొట్టలు ఉంచి, వాటిని పైన వంతెనతో కలిపితే అదే కాటమరాన్.

అంకెల్లో చూద్దాం. 12 మీటర్ల పొడవు, 10 టన్నుల బరువు, రెండు పొట్టల నడిమి గీతల మధ్య 5 మీటర్లు ఉన్న పడవ తీసుకోండి. గాలికి ఒక పొట్ట నీటి మీద నుంచి లేవబోయే క్షణంలో బరువంతా రెండో పొట్ట మీదే ఉంటుంది. మీట పొడవు రెండున్నర మీటర్లు, నిలబెట్టే బల భ్రామకం 25 టన్ను-మీటర్లు. అంతే పొడవు, అంతే బరువున్న ఒంటి పొట్ట పడవకు పది డిగ్రీల వాలులో దక్కేది రెండు టన్ను-మీటర్లకు అటూ ఇటూ. అందుకే కాటమరాన్‌లో బల్ల మీద పెట్టిన టీ గ్లాసు ఒలకదు, పిల్లలు కింద పడకుండా నిద్రపోతారు, పడవలోనే కాపురం పెట్టాలనుకునే వాళ్ల మనసు దాని మీదికి పోతుంది.

ఈ నిలకడకు చెల్లించే మూల్యమూ ఉంది, ఒంటి పొట్ట పడవతో పోలిస్తే అది తెలుస్తుంది. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే వరకు ఆరుగురు నావికాదళ మహిళలు భూమిని చుట్టివచ్చిన ఐఎన్ఎస్‌వీ తారిణి ఒంటి పొట్ట పడవ. విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఆ ఆరుగురిలో ఉన్నారు. అలాంటి పడవకు అడుగున కీల్ అనే భారీ బరువు ఉంటుంది. ఎంత వాలితే అంతగా ఆ బరువు లాగుతుంది, పూర్తిగా పడుకోబెట్టినా లేచి నిలబడుతుంది. కాటమరాన్ మొదట్లో మొండికేస్తుంది కానీ ఒక హద్దు దాటాక తిరగబడుతుంది, తలకిందులయ్యాక ఆ స్థితిలోనూ అంతే మొండిగా నిలబడిపోతుంది. పైగా గాలి పెరిగిందని వాలి హెచ్చరించదు, ఆ ఒత్తిడంతా తెరచాప కొయ్యకూ దాన్ని పట్టుకున్న ఉక్కుతీగలకూ పోతుంది. కాబట్టి వాలును చూసి కాదు, గాలి వేగం చూపే పరికరాన్ని చూసి తెరచాప కుదించుకోవాలి.

పేరు మన కోరమాండల్ తీరపు కట్టుమరం, అంటే దుంగలు కట్టిన తెప్పదే అయినా జంట పడవ పుట్టిల్లు పసిఫిక్ ద్వీపాలు. అక్కడి వాళ్లు జంట పడవల్లో మహాసముద్రాన్ని దాటారు. 1876లో అమెరికా నౌకాశిల్పి నథానియల్ హెరెషాఫ్ న్యూయార్క్ పందేనికి అమారిలిస్ అనే జంట పడవను తెచ్చి, హేమాహేమీల పడవలన్నిటినీ వెనక్కి నెట్టాడు. ఓడినవాళ్లు ఫిర్యాదు చేసి బహుమతి దక్కనివ్వలేదు, మామూలు పడవలతో పందేలు వేయనివ్వలేదు. నిజానికి వాళ్లు చూడాల్సింది అతని అతుకుల్ని. ఒక్కో పొట్ట తన అల మీద తాను ఊగేలా, రెండూ ఒకదాన్నొకటి విరుచుకోకుండా కదిలే కీళ్లు పెట్టి, 1877లో పేటెంట్ కూడా తీసుకున్నాడు. 1950ల్లో ఇంగ్లండుకు చెందిన జేమ్స్ వారమ్ తానే కట్టుకున్న 7 మీటర్ల జంట పడవలో ఇద్దరు జర్మన్ యువతులతో అట్లాంటిక్ దాటాడు. తరవాతి నమూనాల్లో అతను పొట్టల్ని తాళ్లతో కట్టాడు, మన తెప్పకు కట్టే కట్టులాగే. ఆ తరవాత ఫైబర్‌గ్లాస్ వచ్చింది, ఫ్రెంచి కర్మాగారాలు వచ్చాయి, సెలవుల్లో అద్దెకిచ్చే వ్యాపారం వచ్చింది. కదిలే అతుకు పోయి వంతెన, పొట్టలు ఒకే అచ్చులో కలిశాయి.

ఇవాళ సెకండ్‌హ్యాండ్ బజారులో దొరికేవాటిలో చాలా వరకు ఆ అద్దె పడవలే. నాలుగు పడక గదులు, నాలుగు స్నానాల గదులు, ఇంజన్లు బాగా తిరిగినవి. సొంతానికి కట్టించుకున్న వాటిలో ఒక పొట్ట మొత్తం యజమానికే ఉంటుంది, సామాన్లకు చోటూ ఎక్కువే. అయితే చోటు ఉందని నింపడమే ప్రమాదం. పొట్టలు సన్నగా ఉన్నందువల్ల 12 మీటర్ల పడవ ఒక సెంటీమీటరు దిగడానికి 180 కిలోలు చాలు. అంటే 45 కిలోల మిర్చి టిక్కీలు నాలుగు. జనరేటరు, నీటిని మంచినీరు చేసే యంత్రం, బ్యాటరీలు, పుస్తకాలు, బియ్యం కలిపి టన్నున్నర చేరితే ఎనిమిది సెంటీమీటర్ల పైన కూరుకుపోతుంది. వంతెన అడుగు నీటికి అంత దగ్గరవుతుంది, ప్రతి అలా కింద నుంచి సమ్మెట దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బలకు లోపలి అడ్డుగోడలు పొట్టకు అతికిన చోట పగుళ్లు వస్తాయి. పాత పడవలో మొదట టార్చి వేసి చూడాల్సింది ఆ మూలల్నే.

రెండోది తడి. చాలా పడవల డెక్కు రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా కర్ర పెట్టి చేసినది. బాల్సా మన బూరుగుకు, పత్తికి చుట్టమే. మూడూ మాల్వేసీ కుటుంబం. ఎంత తేలికో, తడిస్తే కుళ్లడం అంత సులువు. డెక్కు మీద బిగించిన ప్రతి మరచీల రంధ్రం నుంచీ నీరు లోపలికి పోవచ్చు. చిన్న ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ పొండి: గట్టి చోట ఖణేల్‌మంటుంది, పాడైన చోట మొద్దుగా పలుకుతుంది. తెప్ప నడిపేవాళ్లు వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలు ఎండబెట్టేది ఇందుకే. నీళ్లు తాగిన దుంగ తేల్చే పని మానేసి మోయించుకునే బరువవుతుంది. తెప్పను విప్పి ఎండబెట్టొచ్చు, అతికించేసిన డెక్కును విప్పలేం.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మీవాళ్లెవరైనా ఇల్లు అమ్మి పాత కాటమరాన్ కొంటామంటే సోఫాల ఫొటోలు చూసి మురిసిపోకండి. ఖాళీ పడవ బరువెంత, ఎంత బరువు మోయడానికి గీశారు, ఇవాళ నీటిగీత అసలు గీతకు ఎంత పైకి వచ్చింది? ఈ మూడూ అడగమనండి. సొంత ఖర్చుతో ఒక సర్వేయరుని పెట్టి, పడవను నీళ్లలోంచి పైకి తీయించి చూపించమనండి. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే, ధర ఎంత తగ్గించినా ఆ పడవ వద్దు.