మట్టిబాటపై మోటారు సైకిలు: రక్షణ సామగ్రి ఎన్నుకొనుట

నేడు గ్రామములలో మోటారు సైకిలు సర్వసాధారణమైన వాహనము. ఎరువు బస్తా పొలమునకు చేర్చుటకును, పాలక్యాను కేంద్రమునకు కొనిపోవుటకును, పిల్లలను బడిలో దించుటకును అదియే ఆధారము. ఈ ప్రయాణములు తరచు బండిబాటల మీదను, చెరువు గట్ల మీదను సాగుచుండును. ఊరి పొలిమేర దాటనపుడు హెల్మెట్టు ఎందులకను భావము పలువురిలో కలదు. ఇది పొరపాటు. ఇసుకలో ముందుచక్రము ప్రక్కకు జారును. ఎండిన బండిగాడిలో చిక్కుకొనును. వేగము స్వల్పమైనను, తల రాతిపై పడినచో ప్రాణాపాయము తప్పకపోవచ్చును.

ఈ విషయము చిరకాలముగా తెలిసినదే. 1935లో ఇంగ్లండులో టి. ఇ. లారెన్సు మోటారు సైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి మరణించెను. ఆయనను పరీక్షించిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్, తదుపరి సైనికుల ప్రమాదములను పరిశీలించి, హెల్మెట్టు ఆవశ్యకతను 1941లో వెల్లడించెను. పెక్కు పరిశోధనలను క్రోడీకరించి 2008లో వెలువడిన సమీక్ష ప్రకారము, హెల్మెట్టు వలన ప్రమాదములో మరణాపాయము నూటికి 42 వంతులు, తలగాయముల అపాయము 69 వంతులు తగ్గును.

హెల్మెట్టుపై ఐ.ఎస్.ఐ. గుర్తును, ఐ.ఎస్. 4151 అను సంఖ్యను చూచి కొనవలెను. అది నుదుటికి, చెంపలకు బిగువుగా అమరవలెను. పట్టీ బిగించి, వెనుకనుండి పైకి నెట్టినను ఊడిరాకూడదు. లోపలి థర్మాకోలు పొర తాను నలిగి దెబ్బను తాను గ్రహించును. కనుక ఒకమారు గట్టి దెబ్బ తగిలినదానిని, పైకి బాగుగానే కనిపించినను, మరల వాడరాదు. ముఖమంతయు కప్పి, ముందు అద్దము గలది మట్టిబాటకు మేలు. దుమ్ము, పురుగులు, తుమ్మకొమ్మలు కన్నులకు తగులవు.

పడునపుడు మనుజుడు మొదట చేతులనే ఆనించును. కావున తోలు చేతితొడుగులు అవసరము. చెప్పులకు మారుగా చీలమండను కప్పు బూట్లు, పొడవు చేతుల మందపాటి చొక్కా, కాళ్లను పూర్తిగా కప్పు గట్టి ప్యాంటు ధరించవలెను. ప్యాంటు వలన సైలెన్సరు వేడికి పిక్క కాలదు. నిత్యము గతుకుల బాటలలో తిరుగువారు మోకాలి, మోచేతి కవచములను కూడ ధరించుట మంచిది. వ్రేలాడు కండువా, చున్నీ, చీరకొంగు చక్రములో చిక్కుకొనును, వానిని ముడివేసికొనవలెను. వెనుకచక్రమును సగమైనను కప్పు చీరరక్షణ జాలీ నిబంధనల ప్రకారము ఉండవలసినదే. బరువులు తగిలించుటకై దానిని తొలగించరాదు.

2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, నాలుగేండ్లు దాటినవారు నడుపుచున్నను, వెనుక కూర్చున్నను హెల్మెట్టు ధరించవలెను. తొమ్మిది నెలలనుండి నాలుగేండ్లవరకు గల బిడ్డకు హెల్మెట్టును, పెద్దవారితో కట్టియుంచు రక్షణ పట్టీని 2023 ఫిబ్రవరి 15 నుండి తప్పనిసరి చేసిరి. అట్టి ప్రయాణములో వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

ఇంటి యజమాని తలకు గాయమై మంచము పట్టినచో ఆ కుటుంబపు సేద్యము, పిల్లల చదువు రెండును కుంటుపడును. పంచాయతీ సభ్యులు ఈ విషయమును గ్రామసభలో వివరించుట మంచిది. అంతకంటె ముఖ్యముగా, తాము పొలమునకు బయలుదేరునపుడు సైతము హెల్మెట్టు ధరించినచో, గ్రామస్థులు వారిని చూచి అనుసరింతురు.