వార్తల్లో పదం: ఆపరేషన్ బ్రాక్

లారీల బారు అంటే ఏమిటో బచ్చన్నపేట రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మిల్లులో దిగుమతి కాకపోతే లారీ తిరిగిరాదు, కాంటా అయిన వడ్ల బస్తాలు కేంద్రంలోనే ఉంటాయి. పైన మబ్బు పడితే గుండె దడ! ఇంగ్లండ్‌లోని డోవర్ రేవు దగ్గర ఇలా బారు పెరిగినప్పుడు అమలుచేసే ఏర్పాటే ఆపరేషన్ బ్రాక్.

తుపాను, సమ్మె, తనిఖీల జాప్యం... ఏ కారణంతో లారీలను సముద్రం దాటించే ఫెర్రీలు ఆగినా లారీలన్నీ డోవర్ ఉన్న కెంట్ ప్రాంతపు రోడ్ల మీదే పేరుకుంటాయి. పాత పద్ధతి ‘ఆపరేషన్ స్టాక్’లో రేవు వైపు వెళ్లే ఎం20 రహదారిని మూసి, దాని మీదే లారీలను నిలిపేవారు. 2015 వేసవిలో వేల లారీలు నిలిచిపోయి స్థానికులకు దారే లేకుండా పోయింది. అందుకే బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ నిష్క్రమణ) ముంగిట, 2019లో, బ్రాక్ తెచ్చారు. ఇందులో రోడ్డు మూయరు. రేవు వైపు సగంలో లారీల వరుస ఉంటుంది, ఎదుటి సగంలో మిగతా బండ్లు రెండు దిక్కులా నడుస్తాయి. ఆ రెండు దిక్కుల మధ్యలో కాంక్రీటు దిమ్మెల గొలుసు. దాన్ని ఒక యంత్రం ఎత్తి పక్కకు జరుపుతూ పోతుంది. చూడముచ్చటైన పనే.

అక్కడి లారీలకు డోవర్ ఎలాగో, మన బియ్యానికి కాకినాడ రేవు అలాగ. 2025 మార్చి 31న అక్కడి నుంచి 12,500 టన్నుల తెలంగాణ బియ్యం ఫిలిప్పీన్స్‌కు బయల్దేరింది. లారీకి పాతిక టన్నులనుకుంటే, ఒక్క ఓడకే 500 లారీల సరుకు.