నిప్పునకు నిలుచు పూత

కట్టెల పొయ్యిమీద ఇత్తడి గిన్నె నెక్కించుటకు ముందు దాని యడుగున తడిమట్టి మెత్తుట మన తల్లులెరిగిన పని. గిన్నెకు మసి పట్టకుండుటకై వారట్లు చేయుదురు. పొయ్యిమీద నున్నంతసేపు ఆ పూత చక్కగానే యుండును. గిన్నె దింపి చల్లారనిచ్చిన పిమ్మట పెచ్చులు పెచ్చులుగా రాలిపోవును. లోహము ముడుచుకొనినంతగా మట్టి ముడుచుకొనజాలదు. పొత్తు కుదరని కాపురమువలె రెండును విడివడును. మరునాడు మరల పూసికొనవచ్చును గనుక దీనినిగూర్చి యెవ్వరును విచారింపరు. కాని మరునాడు పూసికొనుటకు వీలులేని తావొకటి కలదు. అది జెట్ ఇంజనులోని టర్బైను రెక్క.

ఆధునిక యుద్ధవిమానముల యింజనులలో ఈ రెక్కలను తాకు వాయువు వేడిమి 1500 సెంటిగ్రేడు డిగ్రీలను మించును. రెక్కను చేసిన నికెలు మిశ్రలోహమో, సుమారు 1300 డిగ్రీలకే కరగ నారంభించును. కరగవలసిన లోహము కరగక తిరుగుచున్నదనిన దానికి రెండు కారణములు: రెక్క గర్భమందలి సన్నని త్రోవలలో పారు గాలి యొకటి, మేనిమీద, సాధారణముగా పావు మిల్లీమీటరుకు అటునిటుగానుండు పింగాణీవంటి పూత రెండవది. ఈ పూత జిర్కోనియా. 1976లో అమెరికాలోని నాసా శాస్త్రజ్ఞులు దీనిని రెక్కలకు పూసి జెట్ ఇంజనులో పరీక్షించిరి. అటుపై కొలదికాలమునకే దానిలో ఇట్రియా నూటికి 6 మొదలు 8 పాళ్ళు కలిపిన మేలని తేల్చిరి. నేటికిని లోకమంతటను వాడుక దానిదే. లోహపు వేడిమిని నూరు డిగ్రీలకు పైగా తగ్గింపగల యీ పూత యుద్యోగము చేయుచున్నంతకాలము అందరును ఇంజనునే పొగడుదురు. రాలినచో రెక్క కాలును.

అది రాలుటకు మూలము పైకి కనుపించు పింగాణీలో లేదు, దాని క్రిందనున్నది. పింగాణీకిని లోహమునకును నడుమ అల్యూమినియము కలిసిన మరియొక పూత యుండును. జిర్కోనియా వేడిని ఆపునుగాని ఆమ్లజనిని ఆపజాలదు. అట్లు లోనికి దిగిన ఆమ్లజని నడిమి పూతలోని అల్యూమినియముతో కూడి అల్యూమినా యను సన్నని పొరగా నేర్పడును. ఈ పొర రక్షకుడే. అది లేకున్న లోహము త్వరలోనే నశించును. అయితే గంటగంటకు అది దళసరి యగుచుండును. ఒక్క డిగ్రీ చల్లబడునప్పుడు నికెలు లోహము పది లక్షలకు 14, 15 పాళ్ళు ముడుచుకొనగా, జిర్కోనియా 10, 11 పాళ్ళు, అల్యూమినా 8 పాళ్ళు మాత్రమే ముడుచుకొనును. విమానము దిగి ఇంజను వేయి డిగ్రీలు చల్లారునప్పటి యొత్తిడి యెంతయో పాఠకులే యూహింపగలరు. పొర కొన్ని మైక్రానుల మందమునకు వచ్చునప్పటికి ఉబ్బి, బీటవారి, పింగాణీనిగూడ వెంటగొని యూడిపోవును. చంపునది కాకకంటె చల్లారుటయే యనవలెను.

కావున మన్నిక పెంచుటయనగా ఆ పొరను నెమ్మదిగా, చదునుగా పెరుగనిచ్చుట, లోహమును విడువకుండునట్లు చేయుట. ఇచట మాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపినది గంధకము. లోహములో పది లక్షలకు కొన్ని పాళ్ళున్నను అది పైకి ప్రాకి, పొరకును లోహమునకును గల పట్టును సడలించును. దానిని తొలగించియో, గంధకమును పట్టియుంచు ఇట్రియము, హాఫ్నియములను చిటికెడు కలిపియో ఆయువు పెంచుచున్నారు.

పింగాణీ విషయమున నీతి విపరీతము. గట్టిగా, సందులేకుండ నున్న పూత నిలువదు. శూన్యమున ఎలక్ట్రాను కిరణముతో జిర్కోనియాను ఆవిరిచేసి పేర్చినచో అది రెల్లుదుబ్బువలె నిలువు కాడలుగా పెరుగును. కాడల నడిమి సందులు సాగుటకును ముడుగుటకును చోటిచ్చును. అయితే ఆ సందులే ధూళికి ద్వారములు. ఇసుకయు, అగ్నిపర్వతపు బూడిదయు సుమారు 1200 డిగ్రీలు దాటినంతనే కరగి సందులలోనికి దిగి, చల్లారి గాజై బిగియును. రాజస్థాన మరుభూమిపై విమానములు నడుపు మనకు ఇది పరదేశపు కథ కాదు. గడోలినియము జిర్కోనేటు పొరను పైన పూసినచో అది కరగిన ధూళితో కలిసి స్ఫటికములై త్రోవ మూసివేయును. కాని దానికి అల్యూమినాతో పొసగదు, పెళుసుదనమును ఎక్కువ. అందుచే పాత జిర్కోనియానే క్రింద నుంచవలసి వచ్చుచున్నది.

ఇక మన సంగతి. కావేరి యింజను పని 1989లో మంజూరయ్యెను. 2008లో దానిని తేజస్ విమానము నుండి విడదీసిరి. తేజస్ అమెరికా యింజనుతో నెగురుచున్నది. కావేరి కష్టములు పలు విధములు, వానిలో టర్బైను రెక్కల కష్టమొకటి. 2021లో హైదరాబాదులోని రక్షణలోహ పరిశోధనశాల ఏకస్ఫటిక రెక్కలు 60 చేసి హెలికాప్టరు ఇంజనుకై హిందూస్థాన్ ఏరోనాటిక్స్‌వారి కిచ్చెను. మిశ్రధాతు నిగము ఆ నగరముననే కలదు. పూతల విద్యయందు కృషిచేయు కేంద్రమును బాలాపురమునందే కలదు. జిర్కోనియమునకు మూలమైన జిర్కాను మన భీమునిపట్టణపు టిసుకలో నున్నది. ఇసుక మనది, శాస్త్రజ్ఞులు మనవారు, రెక్కలును మనవగుచున్నవి. లేనిదేమి?

పూత యెన్నవ గంటకు, యెట్లు రాలినదో తెలుపు లెక్కల పుస్తకము. ఇంజను నమ్మువారు దానిని అమ్మరు. ఒకే కొలిమిలో, ఒకే దినమున పూసిన రెండు తునుకలు సయితము ఒకే గంటకు రాలవు. కావున ఒక తునుకను పరీక్షించి సంతోషించుట చాలదు. గంటసేపు 1100 డిగ్రీలలో కాల్చి, చల్లార్చి, మరల కాల్చి, పెచ్చు లేచువరకు వందలమారులు, వేలమారులు చేయవలెను. ఇందు వేడుకలకు తావులేదు. పత్రికలకు వార్తయు కాదు. ఈ లోపమున మాకును భాగము కలదు: తొలి రెక్క ఫొటోను మేమును ముద్రించితిమి, దాని నూరవ కాల్పును అడిగినవారము కాము.

రక్షణ రహస్యములను వెల్లడింపుమని మేము కోరము. అయితే రక్షణతో సంబంధములేని సాదా మిశ్రలోహముపై సాదా పూతకు ఈ కాల్పులు చేయుటకు ఒక కొలిమియు, ఒక పంకాయు, రేయింబవళ్ళు లెక్క వ్రాయు నలుగురు విద్యార్థులును చాలును. వరంగల్లు, విశాఖపట్టణములందలి కళాశాలలకు ఆ పాటి కొలుములనైనను ఐదేండ్లు ఎడతెగక నడుపుటకు ద్రవ్యము నిచ్చి, రాలినవాని లెక్కలను నిలిచినవాని లెక్కలతోబాటు ఏటేట అచ్చువేయింపవలెనని కోరుచున్నాము.