వేగం – విరాళం: స్పీడ్‌రన్ మారథాన్ల పరిశీలన

సింగరేణి బొగ్గుగనులలో ప్రమాదాలను ఎదుర్కొనే రెస్క్యూ బృందాలకు పోటీలు జరుగుతుంటాయి. అక్కడ సాధన చేసే వేగానికి ప్రాణరక్షణే ప్రయోజనం. గోదావరిఖని వంటి గని పట్టణాలకు సుపరిచితమైన ఈ సంబంధం వీడియో గేమ్ రంగంలోని స్పీడ్‌రన్ మారథాన్లలో మరొక రూపంలో కనిపిస్తుంది.

ఒక గేమ్‌ను వీలైనంత తక్కువ సమయంలో పూర్తిచేయడమే స్పీడ్‌రన్. అందుకోసం ఆటగాళ్లు దగ్గరి దారులను, ప్రోగ్రాములోని లోపాలను సుదీర్ఘంగా అధ్యయనం చేస్తారు. అమెరికాలో మైక్ ఉయామా ప్రారంభించిన ‘గేమ్స్ డన్ క్విక్’ 2010 జనవరిలో ఇటువంటి ఆటలను వరుసగా ప్రత్యక్షప్రసారం చేసి, ‘కేర్’ సంస్థకు 10,000 డాలర్లకు పైగా సేకరించింది. 2020 జనవరిలో ‘ప్రివెంట్ క్యాన్సర్ ఫౌండేషన్’ కోసం సేకరించిన మొత్తం 30 లక్షల డాలర్లు దాటింది.

ఈ మారథాన్లలో కొన్ని నిర్ణయాలు దాతల చేతిలో ఉంటాయి. ‘సూపర్ మెట్రాయిడ్’ (1994) చివర గ్రహం పేలిపోయేలోగా నాయిక బయటపడాలి. దారిలో చిక్కుకున్న జంతువులను కాపాడితే కొన్ని సెకన్లు నష్టం. కాపాడాలా, వదిలేయాలా అని దాతలు రెండు పక్షాలుగా చీలి, పోటీపడి విరాళాలిస్తారు. ఏ పక్షం గెలిచినా సొమ్ము సేవాసంస్థకే చేరుతుంది.

గనిలో రక్షణ కోసమే వేగం. ఈ ఆటలో రక్షణ వేగానికి అడ్డు. ఆ వైరుధ్యమే విరాళాలను పెంచుతోంది. జంతువులను వదిలేయమంటూ ఇచ్చిన డాలరు కూడా క్యాన్సర్ నివారణకు ఉపయోగపడుతుంది. కనుక ఈ దాతృత్వాన్ని దాత ఎంచుకున్న పక్షాన్ని బట్టి కాక, విరాళం చేరే గమ్యాన్ని బట్టి అంచనా వేయడం సమంజసం.